పడుతుంది పెదనాన్న

మా పెదనాన్నకు 'రాదు' అనే మాట రాదు. ఎవరేమడిగినా ఆయన నోట ఒకటే జవాబు: "పడుతుంది." వాన గురించి అడిగినా అంతే, బ్యాంకులో సబ్సిడీ గురించి అడిగినా అంతే. పక్కింటాయన పన్ను కదులుతోందని చూపిస్తే అలవాటుగా అదే అన్నాడు. సాయంత్రానికి పడింది కూడా. కొత్త గోడ కట్టిన మేస్త్రీ మాత్రం, ఎలా ఉందని అడిగి, జవాబు విని చాన్నాళ్లు పలకరించలేదు.

నేను వ్యవసాయ కార్యాలయంలో సబ్సిడీ కిటికీ దగ్గర పనిచేసేదాన్ని. కిటికీకి ఎదురుగా, ఒక కాలు పొట్టిదైన బెంచీ మీద ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు. నిజానికి ఆయనకు ఏ సాయమూ అందేది కాదు. ఆయనది కౌలు సేద్యం. ప్రభుత్వ సొమ్ము పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాకే వెళ్లేది. పట్నంలో ఉండే ఆ భూమి గలాయనకు మొక్కకూ కలుపుకూ తేడా తెలియదు. అయినా ముఖం వేలాడేసుకుని బయటికొచ్చే ప్రతివాడి భుజం మీదా పెదనాన్న చెయ్యి వేసి, పడుతుందిలే అనేవాడు. నేను లోపల కాదన్నవాళ్లకల్లా ఆయన బయట అవునంటున్నాడని మా ఆఫీసరు చిందులు తొక్కాడు.

లేనిపోని ఆశలు పెట్టొద్దని పెదనాన్నకు చెప్పాను. ఆయన తలూపాడు. ఆనాటి నుంచి నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాడు.

ఆ ఏడాది వడగళ్లు టమాటా తోటల్ని తుడిచిపెట్టాయి. ఒక కౌలు రైతు వచ్చాడు. పొలం మీ పేరున లేదు కనుక నష్టపరిహారం రాదని మెల్లగా చెప్పాను. ఆయన తిట్టలేదు, బతిమాలలేదు. సరేనమ్మా అని వెళ్లిపోయాడు. పెదనాన్న లేచి ఆయన వెంట నడిచాడు. ఇక ఇంటికి రాలేదు.

మర్నాడు ఆచూకీ తెలిసి బట్టలు తీసుకుని వెళ్తే, పెదనాన్న ఆ రైతు ఇంటి వసారాలో మకాం పెట్టి కనిపించాడు. మా ఇల్లు కురుస్తోందని వాళ్లకు చెప్పాడట. మా ఇంటి కప్పు వేసి ఏడాది కాలేదు. ఎందుకిదంతా అని అడిగాను.

రైతు లోపలికి వెళ్లేదాకా ఆగి అన్నాడు: "మీ నాన్న కూడా ఆ కిటికీ దగ్గర సరేనండీ అనే వచ్చాడమ్మా. పడుతుందా అన్నయ్యా అని నన్నడిగాడు. పడదురా అన్నాను. నిజమే చెప్పాను. చెప్పి ఒక్కణ్ణే ఇంటికి పంపించాను."

నాన్న ఎలా పోయాడో మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోం. బట్టల సంచి ఆయన పక్కన పెట్టి నేనూ అక్కడే కూలబడ్డాను.

కొన్ని వారాలకు ఆ రైతు మళ్లీ కిటికీ దగ్గరికొచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. సొమ్ము సంగతి ఎత్తలేదు. మీ పెదనాన్న మీద ఫిర్యాదు చేయడానికొచ్చానన్నాడు. ఆయన గురకకు ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదట. చిక్కుడు పెడితే సాళ్లు వంకరన్నాడట.

"అవన్నీ పోనివ్వండి. వచ్చిన రోజే కొట్టంలో ఉన్న పురుగుల మందు డబ్బా ఎక్కడో దాచేశాడమ్మా. ఇప్పుడు చిక్కుడుకు పురుగు పట్టింది. ఇమ్మంటే ఇవ్వడు."

"ఇవ్వడండీ," అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. కాసేపటికి చిన్నగా నవ్వాడు.

"తెలుసులేమ్మా. ఇద్దరం చేత్తోనే ఏరుతున్నాం. ఆయనకు కళ్లా ఆనవు. పురుగుల్ని వదిలేసి పూత దులిపేస్తున్నాడు."