కొత్త గచ్చు తొట్టిలో చేపలు

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. కడుపులో పెట్టుకుని తిరిగాను. చెప్పకుండా చావడం ఇష్టం లేక ఇప్పుడు మీకు రాస్తున్నాను.

నాది బేతంచెర్ల. తాపీ పని. కర్నూలు రాజధాని అయినప్పుడు పని దొరుకుతుందని అమ్మను తీసుకుని వచ్చి, ఒక ఇంట్లో అద్దెకు దిగాను. ఆఫీసర్లకు ఇళ్లు చాలక, మా ఇంటాయన రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. ఇల్లు చూడడానికి వచ్చిన ఆఫీసరు, వసారాలో జ్వరంతో పడుకున్న అమ్మను దాటుకుంటూ, ముందు ఆ చాప తీయించమన్నాడు. ఆయనకు చాప కనిపించింది, మనిషి కనిపించలేదు. తుంగభద్ర ఒడ్డున గుడారంలో పదకొండో రోజు అమ్మ పోయింది.

మరుసటి ఏడాది అదే ఆఫీసరు నన్ను పనికి పిలిపించాడు. గుర్తుపట్టలేదు. నాకు మరీ మండింది అందుకే. పెరట్లో నాపబండల తొట్టి కట్టించి, మద్రాసు నుంచి తెప్పించిన రంగు చేపలు పెంచుతున్నాడు. వాటి మీదే ఆయన ప్రాణమంతా. తొట్టి కారుతోంది. బాగు చేయించాలా, పడగొట్టి కొత్తది కట్టించాలా అన్నది ఆయనకు తేలడం లేదు. కొత్తదైతే నాకు పది రోజుల పని, అంతవరకు చేపలు గంగాళంలో బతికేవి.

"కొత్తదెందుకు సార్, లోపలంతా గచ్చు పూస్తే సుక్క కారదు" అన్నాను.

"చేపల్ని ఎప్పుడు వదలొచ్చు?"

"రేపు పొద్దున్నే ఇడసండి సార్. ఏం గాదు."

కొత్త గచ్చు తొట్టికి పది రోజులు నీళ్లు నింపి, పారబోసి, మళ్లీ నింపాలి. లేకపోతే సున్నం ఘాటుకు చేప బతకదు. మా పనిలో ఇది తెలియనివాడు లేడు.

ఆ రోజే గచ్చు పూసేశాను. మర్నాడు నీళ్లు పోసి చేపల్ని వదిలేది చూడాలనే ఏదో పని కల్పించుకుని అక్కడే ఉన్నాను. మధ్యాహ్నానికి అన్నీ చచ్చి తేలాయి. ఆయన తొట్టి పక్కన కూలబడి ఏడ్చాడు. అబద్ధమెందుకు, తలుచుకుంటే ఇప్పటికీ తృప్తిగానే ఉంటుంది. పాపమా? చేపల పాపం నాదే. ఆయన ఏడుపుకు మాత్రం నేను బాధపడను.

కానీ ఆయన నన్ను అనుమానించలేదు. నీళ్లు మోసే ఖాసింను పిలిచి, మురుగు కాలువ నీళ్లు తెచ్చి పోశావన్నాడు. ఏటి నీళ్లేనని ఖాసిం ఒట్టు పెట్టాడు. చివరికి ఖాసిం నా వైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పప్పా, పోసేటప్పుడు ఈడనే ఉంటివి గదా."

నేను తాపీ కడుక్కుంటూ ఉండిపోయాను.

గుడారంలో అమ్మ పడి ఉన్నన్నాళ్లూ, అడగకుండానే రోజూ బిందెడు నీళ్లు తెచ్చి పెట్టింది ఈ ఖాసిమే. మరి నోరెందుకు మెదపలేదు? భయమా? భయం కొంతే. నిజం చెబితే, అంత కష్టపడి తీర్చుకున్న పగలో ఆ తీపి ఉండదని.

ఆఫీసరు మాట విని ఆ వీధి వీధంతా ఖాసింను పని మాన్పించింది. పిల్లల్ని తీసుకుని ఆత్మకూరు వైపు పోయాడని విన్నాను. వెతకలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది అడగవలసిన మనిషి మీరు కాదు. ఒక్క మాట నా చేత్తో రాసి పెట్టాలి, అంతే. ఆ రోజు ఖాసిం పోసినవి మంచి నీళ్లే.