ర్యాంపు ఎక్కాకే సంతకం

వికలాంగుల కేంద్రాలకు ప్రభుత్వ నిధులు కొనసాగించాలా వద్దా అని తేల్చే మా బృందానికి నేనే పెద్దను. ఫోటోలు చూసి సంతకాలు చేసే అలవాటును నేను రాగానే మాన్పించాను.

ఒకసారి తేంగాయితిట్టులోని ఒక కేంద్రానికి వెళ్లాం. చక్రాల కుర్చీలో తిరిగే మా సహోద్యోగిని ర్యాంపు మధ్యలోనే ఆగిపోయింది. అంత నిటారుగా కట్టారు.

"నలుగురం ఎత్తుకొని పోతాం మేడమ్" అన్నాడు నిర్వాహకుడు.

"ఎత్తుకొని పోయేదానికి నేనేంది, బియ్యం మూటనా?" అందామె.

నేను ఫైలు మూసేశాను. పైనుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా తెరవలేదు.

ర్యాంపు మళ్లీ కట్టాక ఆమె ఒక్కతే ఎక్కి, దిగి వచ్చి, ఫైలు అడిగింది. ఆ హుషారులో నేను చేయాల్సిన చోట తను సంతకం చేసేసింది.

నేను దిద్దించలేదు. దాని కింద నా సంతకం పెట్టి పంపాను.