మధ్య సీటు

మా బావని ఈ చుట్టుపక్కల అందరూ పాముచెవుల మేస్త్రీ అంటారు. కారు ఇంకా వీధి మలుపులో ఉండగానే, దాని స్టీరియోలో వచ్చే గుయ్యిమనే మోత విని, "ఎర్త్ వైరు వదులైంది. స్క్రూడ్రైవరు తీయ్" అంటాడు. నేను తీసేలోపు కారు మా స్టీరియో రిపేరు షెడ్డు ముందు ఆగుతుంది, వైరు వదులుగానే ఉంటుంది. అంతటితో ఊరుకుంటే బాగుండు, "చెప్పానా?" అని కూడా అంటాడు.

అక్క పెళ్లైన కొత్తలో సరదాకి టంకం పెట్టడం నేర్చుకున్నాను. ఆ సరదా తీరక తొమ్మిదేళ్లుగా ఈ షెడ్డులోనే ఉండిపోయాను. వైర్లు, ఫ్యూజులు, టంకం నా వంతు. వినడం మాత్రం బావ వంతు. పని పూర్తయ్యాక వెనక సీటు మధ్యలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక పాట మొదటినుంచి చివరిదాకా వింటాడు. దిగి, బండి యజమానితో ఒకే మాట చెబుతాడు.

"నేను విన్నాను. బండి తీసుకెళ్లండి."

ఆ మాటకున్న విలువ అంతా ఇంతా కాదు. ఆ మధ్య సీటులో మాత్రం నన్ను ఒక్కసారీ కూర్చోనివ్వలేదు. ఎలా ఉందని అడిగిన పాపాన పోలేదు. అడిగితే తన సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక సోమవారం డ్రైవింగ్ టీచరమ్మ వచ్చింది. ఆమె కారుకి పాతికేళ్లుంటాయి. క్లాసులకి వేరే బండి ఉంది, ఇది ఆమె సొంతం. రోజంతా కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని, సాయంత్రం ఇందులో పాటలు వింటూ ఇంటికెళ్తే గానీ ఆమె మనిషి కాదట.

"పది నిమిషాలు పాడుతుంది, టక్కున ఆగిపోతుంది. కాసేపు ఆపి పెడితే మళ్లీ పాడుతుంది. అలకలకి మా ఇంట్లో మనుషులు చాలరా, ఇది కూడానా?" అంది.

డిక్కీ తెరిచాం. లోపల పక్కన బిగించిన, పాట మోత పెంచే యాంప్లిఫయరు మీద లోపం చూపే ఎర్ర లైటు వెలుగుతోంది. బావ నన్ను కరెంటు చూడమన్నాడు. మీటరు పెట్టి చూస్తే నిండుగానే వస్తోంది. ఎర్త్ వైరు విప్పి, దాని కింద రంగు గీకి మళ్లీ బిగించాను. లైటు ఆరలేదు. స్పీకర్ల వైర్లన్నీ పీకేశాను. మోగించాల్సిన స్పీకరు ఒక్కటీ లేకపోయినా ఎర్రగానే ఉంది.

"దొరికింది" అన్నాడు బావ. లోపం పట్టుకున్నప్పుడల్లా ఆయన అనే మాట అది. "వైర్లదీ కాదు, స్పీకర్లదీ కాదు. యాంప్ లోపలే పోయింది."

కొత్తది బిగించాం. పాత కారు కాబట్టి ప్లగ్గులు కలవలేదు. ఒక్కో వైరూ కత్తిరించి, రంగు చూసుకుని, టంకం పెట్టేసరికి మధ్యాహ్నమైంది. అరగంట మోగించాం, ఆగలేదు. బావ మధ్య సీటులోకి ఎక్కాడు. పాట సగంలోనే దిగాడు.

"ఎడమ పక్క పలకడం లేదు."

నాకు ఇటు బయట నుంచి బాగానే వినిపిస్తోంది. ఆ మాటే అన్నాను.

"నీకేం తెలుస్తుంది?" అన్నాడు. ముక్కు మీద కోపం.

ఎడమ వైర్లు కుడికీ కుడి వైర్లు ఎడమకీ మార్చమన్నాడు. లోపం యాంప్‌లో ఉంటే అది కుడికి మారాలి. మారలేదు. అయితే స్పీకర్లే అన్నాడు. మంగళవారం ఎడమ పక్క తలుపులు రెండూ విప్పి కొత్తవి పెట్టాం. ఎడమ పక్కే తక్కువన్నాడు. బుధవారం ఆ కొత్త యాంప్ తీసి ఇంకో కొత్త యాంప్ పెట్టాం. అదే మాట. చివరికి స్టీరియో మీద ఎడమ కుడి మోతల్ని సర్దే బ్యాలెన్స్ నాబ్‌ని ఎడమకి తిప్పుతూ పోయాడు. అప్పుడే కారు కోసం వచ్చిన టీచరమ్మ ముందు సీటులో కూర్చుని చెవి మూసుకుంది.

"ఎడమ పక్క తలుపు బద్దలయ్యేలా ఉంది మేస్త్రీ! నాకు మొదటి రోజే బాగుంది కదా, ఇచ్చేయ్."

"నేను వినందే ఇవ్వనండీ" అన్నాడు బావ. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

నాకు అప్పుడు తట్టింది. మూడు రోజుల్లో అన్నీ మార్చాం, మారనిది ఒక్కటే. అది మధ్య సీటులో కూర్చున్న మనిషి. ఈ పనిలో చెవి పోతే మేస్త్రీకి ఇంకేం మిగులుతుంది? చెప్పకుండా ఊరుకుందామా అనిపించింది. కానీ ఊరుకుంటే రేపు ఇంకో స్పీకరు విప్పిస్తాడు, ఎల్లుండి పరువు పోగొట్టుకుంటాడు.

టీచరమ్మని బయట కుర్చీలో కూర్చోమని, బ్యాలెన్స్ నాబ్ ముట్టుకోకుండా పాట మోత మాత్రం తగ్గించాను.

"బావా, ఒకసారి వెనక్కి తిరిగి కూర్చో."

"ఎందుకే?"

"చెప్తాగా. కూర్చో."

గొణుక్కుంటూనే సీటు మీద మోకాళ్లేసి, వెనక అద్దం వైపు తిరిగాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు కుడి తలుపు పలకడం లే..." అని ఆగాడు.

కళ్లు తెరిచాడు. చెయ్యి దానంతటదే ఎడమ చెవి దగ్గరికి వెళ్లింది. వేళ్లతో అక్కడ చిటిక వేశాడు. కుడి చెవి దగ్గర వేశాడు. మళ్లీ ఎడమ చెవి దగ్గర వేశాడు. నాకు ఏడుపొచ్చింది, ఆయనకి కనిపించకుండా తల తిప్పుకున్నాను.

"దొరికింది" అన్నాడు.

తర్వాత అక్క ఒంటికాలి మీద లేచి చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. పాతికేళ్లు మోతల మధ్య బతికినందుకు ఆ చెవిలో సగం పోయిందట, మిగతాది కాపాడుకోవాలట. అది తర్వాతి సంగతి. ఆ బుధవారం బావ సీటు దిగాడు. దిగి, తలుపు మూయకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కు."

"ఎక్కడికి?"

"మధ్యలోకి. ఎడమా కుడీ తెలుసుగా నీకు?"

ఎక్కాను. ఆయన ముందు సీటులో కూర్చుని, నాబ్ మీద వేళ్లు పెట్టి, అద్దంలో నన్ను చూశాడు.

"ఎలా ఉంది?"

తొమ్మిదేళ్లలో మొదటిసారి అడిగాడు. మొహమాటానికి బాగుందని అనేస్తే ఆ సీటుకి నేను పనికిరాను.

"ఎడమ పక్క మరీ ఎక్కువైంది బావా. తగ్గించు."

తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇంకా."

"ఇప్పుడు?"

"ఇంకొంచెం... చాలు."

నాబ్ సరిగ్గా నడిమి గాడిలో పడి టక్కుమంది. బావ ఆ నాబ్‌ని చూశాడు, అద్దంలో నన్ను చూశాడు, నవ్వాడు. పాట అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు.

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇవాళైనా ఇస్తావా మేస్త్రీ?"

బావ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"మా మరదలు వింది. బండి తీసుకెళ్లండి."