జేబులో ఐదు వాషర్లు

మా బాబాయి బట్టల గోదాములో లిఫ్టు మెకానిక్కు. చదువు మానేశాక నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. ఏ లిఫ్టు గురించి అడిగినా బాబాయిది ఒకటే మాట: "ఏం కాదు, నాదీ పూచీ."

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ ఆ మాట మాన్పించింది. ఒక్కో మెకానిక్కుకీ మూత డబ్బా, పది వాషర్లు ఇచ్చింది. "ఇలాంటి బ్రేకులు పది ఉంటే ఎన్ని జారతాయనుకుంటే అన్ని వెయ్యండి. ఒకరినొకరు అడగొద్దు. మూతలు అందరూ ఒకేసారి తియ్యాలి" అంది. తర్వాత ఏ బ్రేకు ఏమైందో ప్రతిసారీ వాళ్లతోనే సరిచూయించేది. తన పూచీ ఎన్నిసార్లు తప్పిందో చూసుకున్నాక బాబాయి నెమ్మదించాడు. అంచనా కుదిరింది. ఇంట్లోనూ అదే ధోరణి.

"ఇవాళైనా పెందలాడే వస్తారా?" అని పిన్ని అడిగితే, "పదికి రెండు" అనేవాడు.

"పెళ్లికి ముందు నాకా డబ్బా ఇచ్చుంటే పదీ వేసేదాన్ని" అనేది పిన్ని.

ఒకరోజు బ్రేకు అరిగిన సరుకుల లిఫ్టు సంగతి వచ్చింది. కొత్త బ్రేకు వచ్చేదాకా నడపాలా, ఆపాలా? దాన్ని నడిపేది పిన్ని తమ్ముడు, మా మామయ్య. ఆ రోజు ఇంజనీరమ్మ లేదు. మేనేజరు వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన కదా అని ముందు ఆయన్నే మూత తియ్యమన్నారు. లోపల ఒక్కటే వాషరు. బాబాయి తన డబ్బాలో అప్పటికే ఆరు వేసి ఉన్నాడు. బల్ల కిందికి దించి ఐదు తీసి జేబులో పోసుకున్నాడు. ఇది మాకు తర్వాత తెలిసింది. మిగతా డబ్బాల్లోనూ ఒకటో రెండో తేలాయి. లిఫ్టు నడపమన్నారు.

వారం తిరక్కుండానే లిఫ్టు జారి కింద కొట్టుకుంది. మామయ్యకి మోకాలి కింద కాలు తీసేశారు.

ఆసుపత్రిలో మామయ్య అడిగాడు. "నువ్వెన్ని వేశావు బావా?"

"ఒకటేరా."

"నువ్వే ఒకటన్నాక ఇంకెవరిని అనుకుని ఏం లాభం? నా రాత."

బట్టలు ఉతకబోతూ పిన్ని బాబాయి చొక్కా జేబు తడిమింది. ఐదు వాషర్లూ తెచ్చి బాబాయి కంచం పక్కన పెట్టింది. ఆయన తల దించుకునే అంతా చెప్పాడు.

"వాడికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"చెబితే మళ్లీ ఈ గడప తొక్కుతాడా?"

"మీరే చెప్పండి. పదికి ఎన్ని?"

బాబాయి ఒక్కొక్కటే ఏరుకుని మళ్లీ జేబులో వేసుకున్నాడు. పిన్ని కూడా ఇంతవరకు నోరు విప్పలేదు. మామయ్య వచ్చినప్పుడల్లా చేతికర్ర బాబాయికే అందించి, ఆయన భుజం పట్టుకుని కూర్చుంటాడు.