సుధాకర్ అంకుల్ మోకాలు గాల్లో ఎగిరింది

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. విమానం పొట్టకూ మోకాలికీ ముడిపెట్టినవాడు మాత్రం మీకు నేనొక్కణ్ణే దొరుకుతాను. పోనీ అది నా మోకాలా అంటే, కాదు. ఆ ముడి వల్ల ఒక పెద్దమనిషి ప్రశాంత జీవితం ఎలా కుప్పకూలిందో చెబుతాను, వినండి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నేను ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ వెలగబెడుతున్నాను. రిమోట్‌తో ఎగిరే ఫోమ్ విమానం ఒకటి చేశాను. బరువని చక్రాలు పెట్టలేదు. అంచేత దిగితే పొట్ట మీదే దిగాలి. కింద చూస్తే కంకర. దిగినప్పుడల్లా పొట్ట కొబ్బరి తురుములా రాలిపోయేది. ప్యాకింగ్ టేపు అంటించాను, అదీ ఊడింది. కాలేజీ పోటీ చూస్తే నెత్తి మీదికొచ్చింది.

మా అమ్మ నర్సు. ఢిల్లీలో మా తెలుగు చర్చివాళ్ళలో ఎవరికి ఎముక నొప్పెట్టినా ఎక్స్‌రే తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టేవారు. ఆవిడ డ్యూటీలో డాక్టరుకు చూపించి కబురు చెప్పేది. చూపించినవన్నీ బీరువా మీద పడి ఉండేవి. పల్చగా, నున్నగా, గట్టిగా ఉన్న ఆ ఫిల్మ్ చూడగానే నా బుర్ర వెలిగింది. అన్నిటికంటే పైనున్నది లాగి, పడవ ఆకారంలో కత్తిరించి విమానం పొట్టకు అంటించాను. అది ఎవరిదో చూడాలన్న ఇంగితం నాకెక్కడిది?

ఆదివారం ఆరాధన అయ్యాక, అందుకోసం మేము అద్దెకు తీసుకునే స్కూలు మైదానంలో విమానం ఎగరేశాను. అది హాయిగా తిరుగుతుంటే అమ్మ వచ్చింది.

"ఒరేయ్ బాబీ, బీరువా మీద సుధాకర్ అన్నయ్యగారి మోకాలు పెట్టాను, చూశావా?"

"ఏ మోకాలు మమ్మీ?"

"ఎక్స్‌రే రా. రేపు పెద్ద డాక్టరుగారికి చూపించాలి. ఎంత బతిమాలితే టైమిచ్చారనుకున్నావు?"

"పైన ఉంది."

"పైనంటే? అటక మీదా?"

"ఇంకొంచెం పైన."

అమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసింది. "అచ్ఛా," అంది. తెలుగు మధ్యలో మా అమ్మ అచ్ఛా అందంటే వీపు సిద్ధం చేసుకోవాలి.

"దింపు."

"దింపితే కంకరకి గీసుకుపోతుంది మమ్మీ."

"దింపకపోతే?"

"బ్యాటరీ అయిపోయి అదే దిగుతుంది."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను పొట్టకి మందేస్తే పరాయివాళ్ళ మోకాలు ఊడేలా ఉంది. కవచాన్ని కాపాడటానికి ఇంకో కవచం కావాలి.

మైదానం అవతల సుధాకర్ అంకుల్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. మా పాటల బృందానికి పెద్ద ఆయనే. పాపం, ఆ మోకాలి వల్లే క్రిస్మస్ కేరల్స్‌కి మేమంతా ఫ్లాట్ల మెట్లెక్కి పాడుతుంటే ఆయన కింద వ్యానులో కూర్చునేవారు. విమానం ఆయనవైపే దిగుతోంది.

"అంకుల్, దాని కింద ఉన్నది మీ మోకాలి ఎక్స్‌రే. కింద పడనివ్వకండి," అని అరిచాను.

అంకుల్ టీ గ్లాసు పక్కన పెట్టారు. లేచారు. పరుగెత్తారు. అడ్డొచ్చిన బెంచీని లేడిపిల్లలా దూకి, విమానాన్ని రెండు చేతులా పసిపాపలా అందుకున్నారు. ఒక్క గీత పడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది, సంతోషంతో గంతులేశాను.

గంతులేసింది నేనొక్కణ్ణే. మిగతా చర్చివాళ్ళంతా ఆయన కాళ్ళకేసి చూస్తున్నారు.

"బెంచీ దూకారు అన్నయ్యగారూ," అంది అమ్మ.

"అదీ... ప్రభువు కృప అమ్మా."

"అవునండీ. ఆ కృప మూడో అంతస్తు దాకా ఉంటుంది లెండి."

ఆ డిసెంబరులో అన్ని మెట్లూ అందరికంటే ముందు అంకులే ఎక్కారు. ఎక్కిన ప్రతి అంతస్తులోనూ ఆగి, వెనక్కి తిరిగి, నావంక ఒక చూపు చూసేవారు. ఆ చూపు సాక్షిగా ప్రమాణం చేశాను: నా విమానం పొట్ట పగిలి పేగులు బయటపడినా సరే, సాటి మనిషి సుఖంగా వ్యానులో కూర్చోవడానికి ఆధారమైన ఎక్స్‌రే జోలికి ఈ జన్మలో పోను.