దవాఖాన నుంచి పారిపోయి వచ్చిన చిన్నమ్మ

నా చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కాలూ అంతే, ఒక్క చోట నిలిచేది కాదు. దీన్ని కట్టెయ్యడానికి పలుపుతాడు కూడా చాలదని మా నానమ్మ అనేది. ఆ నోటితో నేను ఒకసారి మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చాను. ఆ సంగతి చెప్పాలంటే ఈ వయసులోనూ కుదురుగా కూర్చోలేను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. ఇబ్రహీంపట్నంలో రజాకార్ల భయం పోయి మిలిటరీ భయం వచ్చింది. కమ్యూనిస్టు సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని ఎవరి మీద చాడీ వెళ్లినా క్యాంపుకు పట్టుకుపోయేవాళ్లు. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు జవాన్లు మా వాకిట్లోకి వచ్చి, అమ్మ తమ్ముడు ఎక్కడున్నాడని అడిగారు. ఏమీ ఎరగని అమ్మ, బావి దగ్గర మోట కొడుతున్నాడని చెప్పింది. మామయ్యను బావి దగ్గర నుంచి అటే క్యాంపుకు పట్టుకుపోయారు.

మూడు నెలలకు మామయ్యను వదిలిపెట్టారు. చిక్కి సగమైనా మనిషి ఇల్లు చేరాడు. కాని అప్పటికే అమ్మ మాట మానేసింది, ఆ తర్వాత తిండి మానేసింది. తమ్ముడు ఎదురుగా నిలబడి అక్కా అని పిలిచినా గోడకేసి చూసేది. నోట్లో పెట్టిన మెతుకు నోట్లోనే ఉండేది. అమ్మ చచ్చిపోతుందని నాకెవరూ చెప్పలేదు, నాకే తెలిసిపోయింది. ఆ రోజుల్లో నేను ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి ఊరికే తిరుగుతూ ఉండేదాన్ని. కూర్చుంటే ఏదో అయిపోతుందని భయం.

మాది క్రైస్తవ కుటుంబం. నానమ్మ ప్రార్థనలు పెట్టించింది. ఇరుగుపొరుగు మాట విని, పాస్టరుకు తెలియకుండా వేపమండలతో దిగదుడిచింది కూడా. ఆఖరికి నాయిన అమ్మను పట్నం తీసుకుపోతే, దవాఖానలో ఉంచి తలకు కరెంటు పెట్టే వైద్యం చేయాలని అక్కడి డాక్టరు చెప్పాడట. మా ఊళ్లో అప్పటికి కరెంటు లేదు. పట్నంలో తీగ తగిలి ఎవరో మాడిపోయారన్న కబురే మాకు తెలిసిన కరెంటు. నానమ్మ ససేమిరా అంది. నాయిన అమ్మను వెనక్కి తీసుకొచ్చి, ఎటూ తేల్చుకోలేక చిన్నమ్మ కోసం ఎదురుచూశాడు.

చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. మిషన్ బడిలో చదివి, పట్నంలో అదే దవాఖానలో నర్సు పని నేర్చుకుంటోంది. ఆ వైద్యం ఎట్లా ఉంటుందో ఎరిగిన మనిషి మా వాళ్లలో ఆమె ఒక్కతే. నాలుగు రోజుల సెలవంటూ ఒక సాయంత్రం వచ్చింది. కాని రేకుపెట్టెతో పాటు పరుపు చుట్ట కూడా తెచ్చుకుంది. నాలుగు రోజులకు ఎవరైనా పరుపు మోసుకొస్తారా? నేను వదల్లేదు. చేద బావి దగ్గర కొంగు పట్టుకుని పీడించాను. నన్ను విసిరికొట్టలేక చెప్పింది. మొదటిసారి ఆ వైద్యం చేసే గదిలోకి పంపితే, చూసి జడుసుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చేసిందట. ఇక మళ్లీ పోదట. ఎవరితోనూ అనకమ్మా అంది. ఒట్టు కూడా వేయించుకోలేదు, అంతగా నమ్మింది నన్ను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ వాకిట్లో కూర్చున్నప్పుడు నాయిన ఆమెను అడిగాడు, అమ్మను పంపాలా వద్దా అని కాదు, మీ అక్క బతుకుతుందా చెప్పమని. చిన్నమ్మ అమ్మకేసి చూసి, తీసుకుపోదాం బావా అంది. నాకు ఒళ్లు మండిపోయింది. తాను చూడలేక పారిపోయి వచ్చిన గదికి మా అమ్మను పంపుతుందా! రాత్రంతా దాచిన మాట నోట్లోంచి ఊడిపడింది. చిన్నమ్మ ఉరికొచ్చిందనీ, మళ్లీ పోదనీ అరిచి చెప్పాను.

నానమ్మ లేచి నిలబడింది.

"నువ్వు సూడలేక ఉరికొస్తివి. నా కోడల్ని గందుల నూకుమంటవా?"

నాయిన తల దించుకున్నాడు. అమ్మను పంపడం ఇక జరగదని ఆ తల చూస్తేనే తెలిసింది. నేను గెలిచాను. గెలిచినందుకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. చిన్నమ్మ నన్ను తిట్టలేదు, కనీసం నాకేసి చూడలేదు.

"అవ్, ఉరికొచ్చిన. గట్టిగ పట్టుకోండ్రి అన్నరు, గంతే. ఎందుకో ఏందో మాకెవ్వలు చెప్పలె. మా నర్సులల్ల సగం మంది అది పిచ్చోళ్లకేసే శిక్ష అనుకున్నరు, నేను గట్లనే అనుకున్న. కాని నేను పట్టుకున్నామె అంతకు ముందు నెల్లాళ్లు మెతుకు ముట్టలె. నేనొచ్చే దినం గంజి అడిగి తాగింది. అది సూసి గూడ నా భయమే నాకు పెద్దగైంది."

ఆ తర్వాత ఆమె ఏదీ దాచలేదు. కరెంటు కాసేపే పెడతారనీ, ఒళ్లంతా ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకుంటుందనీ, నాలుక కొరుక్కోకుండా పళ్ల మధ్య గుడ్డచుట్ట పెడతారనీ చెప్పింది. ఇప్పుడు మత్తిచ్చి చేస్తారు, ఒళ్లు అట్లా కొట్టుకోదు. అప్పుడు అది లేదు, మనుషులే పట్టుకోవాలి. కొన్ని దినాలు యాది తప్పుతుందని కూడా చెప్పింది. మర్చిపోతే మంచిదే గదా అని నానమ్మ గొణిగింది.

ఎట్లా పట్టుకుంటారని నాయిన అడిగాడు. చిన్నమ్మ చాప పరిచి నన్ను పడుకోమంది. కాళ్లూ చేతులూ ఎంత బలముంటే అంత కొట్టుకోమంది. నాకు చెప్పాలా! నాయిన నా భుజాలు అదిమిపట్టాడు. నొప్పికి గావుకేక పెట్టాను. చిన్నమ్మ ఆయన చేతులు తీసి తన అరచేతులు నా భుజాల మీద ఆనించింది. నేను ఎటు ఎగిరితే ఆ చేతులు అటు వచ్చాయి. ఆపలేదు, వదలలేదు.

"అదుముతే బొక్క ఇరుగుతది బావా. వదిలితే కింద పడ్తది. మన చెయ్యి ఆమెతోని పోవాలె."

నానమ్మ వచ్చి నా మోకాళ్ల దగ్గర కూర్చుని తానూ పట్టి చూసింది. నేను తన్నాను కూడా. అలసిపోయి నేను ఆగేదాకా ఆమె చేతులు తీయలేదు. ఆ తర్వాత చిన్నమ్మను ఒక్కటే అడిగింది.

"నువ్వుంటవా ఆడ?"

"ఉంట."

మర్నాడే బండి కట్టారు. అమ్మ, నాయిన, చిన్నమ్మ, ఆమె పరుపు చుట్ట. తుర్కయాంజాల్ దాకా నేనూ వెంట పోయాను, అక్కడి చుట్టాలింట్లో నన్ను ఏడుస్తుండగానే దింపేశారు. చెప్పకుండా పోయినందుకు చిన్నమ్మకు నెలరోజులు పాయిఖానా గిన్నెలు కడిగే పని పడిందట. కాని అమ్మ వంతు వచ్చినప్పుడల్లా బతిమాలుకుని ఆ గదిలోకి పోయి, తానే భుజాలు పట్టుకుందట. ఇవన్నీ నాయిన చెబితే తెలిసినవి.

రెండు నెలలకు అమ్మ బండి దిగి, నా జడ చూసి, ఇది జడా గడ్డిమోపా, ఎవరు వేశారని కోప్పడింది. ఆ తిట్టు విని నేను పరుగెత్తి దొడ్లోకి పోయి ఏడ్చాను. తమ్ముడు బావి దగ్గరున్నాడని జవాన్లకు తాను చెప్పిన మాటను ఆమె మర్చిపోలేదు. ఎప్పుడైనా గుర్తొస్తే ఏడ్చేది. ఏడ్చి, లేచి రొట్టెలు చేసేది.

మర్చిపోయింది దవాఖాననే. ఆ రెండు నెలల్లో ఒక్క రోజూ ఆమెకు గుర్తు లేదు. అక్కడే ఉండి కూడా చెల్లెలు ఒక్కనాడైనా తనను చూడ్డానికి రాలేదని మనసులో పెట్టుకుంది. పెళ్లిలోనో పండుగలోనో నలుగురూ కూడినప్పుడు చిన్నమ్మ ముఖం మీదే ఆ మాట అనేది. చిన్నమ్మ నవ్వి ఊరుకునేది. ఒకసారి నేను ఆగలేక నోరు తెరవబోతే, వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఊకో బిడ్డా. నేనొచ్చింది యాదికొస్తే ఆ గది మొత్తం యాదికొస్తది. నన్నే తిట్టనియ్యి."

తర్వాత నేనూ నర్సునయ్యాను, ఎందరినో పట్టుకున్నాను. పట్టుకోవడం తొందరగానే వచ్చింది. ఊరుకోవడమే రాలేదు. చిన్నమ్మ పోయిన చాలా ఏళ్లకు, మంచం పట్టిన అమ్మ ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని మళ్లీ అదే అంది, నా చెల్లె నన్నొక్కనాడు గూడ సూడ రాలె అని. నిజం నాలుక చివరి దాకా వచ్చింది నాకు. చెప్పే మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను, అడ్డుపడే మనిషి లేదు.

అవునమ్మా, రాలేదు అన్నాను.