వదినకు చెప్పిన మాటలు

బ్యాంకు పరీక్షకు చదివే రోజుల్లో ఇంగ్లిషు కష్టపదాలను బిగ్గరగా బట్టీ పట్టేదాన్ని. కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుల వరస ఇళ్ళ లైన్లలో మాది ఒకే గది ఇల్లు. మా అన్న గనిలోకి దిగేవాడు. నంగలి నుంచి కోడలిగా వచ్చిన వదిన సంగటి గెలుకుతూ నా చదువు వినేది.

"రెటిసెంట్ అంటే ఏమి అమ్మీ?" అని ఒకరోజు అడిగింది.

"మనసులోది బయటికి చెప్పని మనిషి, వదినా."

"మీ అన్నకి ఇంగ్లీషులో పేరు గూడా ఉండాదా!" అని నవ్వింది.

అప్పటి నుంచి ప్రతి పదానికీ మా లైన్లోనే ఒక మనిషిని వెతికేది. బిందె నిండినా కొళాయి వదలకుండా కబుర్లు చెప్పే పక్కింటామె గారులస్ అయింది. ఆమె ఎదురైతే నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. నేను అర్థం మరిచిపోయినా ఆ మనుషులు గుర్తొచ్చేవారు.

ఒక మధ్యాహ్నం గూట్లో గిన్నెలు గలగలమని కిందికి దొర్లాయి. లోతున బండ పగిలితే పైన ఇళ్ళు అదరడం మాకు అలవాటే. ఏర్ బ్లాస్ట్ అంటాం. కానీ ఈ అదురు పెద్దది. అన్న అప్పుడు కిందే ఉన్నాడు. వదిన పొయ్యి వదిలి వచ్చి గడపలో కూచుంది. "ఏదన్నా మాట చెప్పు అమ్మీ, ఊరికే కూచోలేను" అంది.

నా నోటికి ఒకటే వచ్చింది. "అప్రిహెన్షన్. ఏమవుతుందోనని గుండెల్లో గుబులు."

ఆ పదానికి ఆమె ఎవరినీ వెతకలేదు. నా చెయ్యి పట్టుకుంది.

పొద్దుగూకే వేళకు అన్న ఒళ్ళంతా దుమ్ముతో నడిచి వచ్చాడు. వదిన నీళ్ళు తోడి పెట్టి, "ఇంగ చాలు. నంగలికి పోదాం. మా నాయన చేను ఉండాది" అంది. అన్న సరేనని తల ఊపాడు. ఆ ఏడాదే గని వదిలి ఇద్దరూ వెళ్ళిపోయారు.

నాకు బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. అక్కడ ఇంగ్లిషు కావలసినంత ఉంది గానీ, కష్టపదాలతో ఎవరికీ పనిలేదు. ఇప్పటికీ పేపర్లో కొత్త పదం కనబడితే అర్థం చూస్తాను. ఇది ఎవరికి సరిపోతుందో అనుకుంటూ తలెత్తుతాను. ఎదురుగా గోడ ఉంటుంది.

మొన్న ఆగలేక ఫోన్ చేశాను. "వదినా, ఒక కొత్త మాట దొరికింది."

"ఆవు అరస్తా ఉండాది, పాలు పిండల్ల" అంది. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "నువ్వే వచ్చి చెప్పగూడదా అమ్మీ?"

వస్తానన్నాను.